మైకు ముందుకు వెళ్లే ముందు: కట్టూబొట్టూ చిట్కాలు

ఆగస్టు వచ్చిందంటే మన ఇళ్లలో ఎవరో ఒకరు మైకు పట్టుకోక తప్పదు. 15న జెండా వందనం. 29న గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఆయన మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టినవారు కాబట్టి ఇక్కడి బళ్లలో ఆ రోజు వక్తృత్వ పోటీలు కాస్త గట్టిగానే జరుగుతాయి. సరిగ్గా వారానికి సెప్టెంబరు 5, ఉపాధ్యాయ దినోత్సవం. ఇవి కాక మహిళా సంఘం సమావేశాలు, గ్రామసభలు, పదవీ విరమణ సభలు, సంతాప సభలు ఏడాది పొడవునా ఉండేవే. ఉపన్యాసం రాయించడానికీ, బట్టీ పట్టించడానికీ పది రోజులు కేటాయిస్తాం. ఏం కట్టుకోవాలన్నది మాత్రం ఆ పొద్దున్నే బీరువా తలుపు తెరిచి తేల్చుకుంటాం.

నరసన్నపేట వాళ్లకు బట్టకు కరువు లేదు. పెళ్లి బట్టకైనా, బంగారానికైనా చుట్టుపక్కల మండలాల వాళ్లు మన బజారుకే వస్తారు. అయినా వేదిక ఎక్కేసరికి ఇబ్బందులే. పైట సర్దుకోవడంలో సగం వాక్యం మింగేసే అమ్మాయి, ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో జారే పంచె పట్టుకున్న పెద్దాయన, చంకల్లో చెమట కనబడుతుందేమోనని చేతులు కదపలేని కుర్రాడు. వీళ్లందరి దగ్గరా చెప్పడానికి మంచి మాటలున్నాయి. వాటికి బట్ట అడ్డం పడింది. సభలో మాట్లాడేటప్పుడు ఒంటి మీది బట్ట మనకు గుర్తుకు రాకూడదు, వినేవాళ్లకు మన ముఖమే కనబడాలి. కింద చెప్పినవన్నీ ఆ ఒక్క అవసరం కోసమే.

1. సభ ఎక్కడో, ఎన్నింటికో ముందు అడగండి.

పిలిచినవాళ్లు తేదీ చెప్పి ఊరుకుంటారు. మీరే అడిగి తెలుసుకోవాలి. బడి ఆవరణలో షామియానా కిందా, లేక విశాఖపట్నంలో ఏసీ హాల్లోనా? పొద్దున్న పదికా, మధ్యాహ్నం భోజనాల ముందా? వేదిక మీద ఫ్యాన్లుంటాయా? ముందు గుడ్డ కప్పిన బల్ల ఉంటుందా, కుర్చీల్లో కాళ్లు కనబడేలా కూర్చోవాలా? మైకు స్టాండుదా, చేత్తో పట్టుకునేదా, కాలరుకు తగిలించేదా? వెనక కట్టే ఫ్లెక్సీ ఏ రంగు? ఈ జవాబులు తెలిస్తే బీరువాలో సగం బట్టలు వాటంతట అవే పక్కకు పోతాయి. షామియానా కింద రెండు గంటలు కూర్చోవాలంటే కంచి పట్టు కట్టకూడదని ఎవరూ చెప్పనక్కర్లేదు. కళింగపట్నం ఒడ్డున సభ అంటే గాలికి పైటా, కండువా, వదులు లాల్చీ మన మాట వినవు. అక్కడికి కొంచెం బరువున్న నేత బట్టే మంచిది.

2. ఉక్కను తక్కువ అంచనా వెయ్యకండి.

మనది సముద్రానికి దగ్గరి ఊరు. ఎండకంటే ఉక్కే ఎక్కువ బాధపెడుతుంది. గాలిలో తేమ ఉన్నప్పుడు చెమట ఆరదు, బట్టలోకి దిగుతుంది. దానికి తోడు కొత్త చోట మాట్లాడుతున్నామన్న కంగారుకు పట్టే చెమట వేరు. పాలియెస్టరు, నైలాను దాన్ని పీల్చవు, ఒంటికి అతుక్కుంటాయి. నూలు, ఖద్దరు పీల్చుకుంటాయి. నార బట్ట, అంటే లినెను, కూడా చల్లనే గాని కుర్చీలో పావుగంట కూర్చుంటే ముడతలు పడుతుంది. సభలో ముందే గంట కూర్చోవాల్సి ఉంటే దాన్ని పక్కన పెట్టండి.

చెమట మచ్చలు బయటపెట్టే రంగులు కొన్నున్నాయి. బూడిద రంగు, లేత నీలం, లేత గులాబీ, ఖాకీ ఆ కోవలోవి. తెలుపు, ముదురు నీలం, చిన్న చిన్న అచ్చు పువ్వులున్న బట్ట అంతగా బయటపెట్టవు. అనుమానంగా ఉంటే ఇంట్లోనే పాత బట్ట మూల తడిపి చూడండి. మగవాళ్లు చొక్కా కింద చేతులున్న నూలు బనియను వేసుకుంటే చెమట ముందు అందులోకి దిగుతుంది. ఆడవాళ్ల జాకెట్టుకు లోపల నూలు లైనింగు వేయించి, చంక దగ్గర కాస్త వదులు ఉంచమని టైలరుకు చెప్పండి. చెయ్యి పైకెత్తి చూసి మరీ కొలత తీయించుకోండి. వేదిక మీద చెయ్యి ఎత్తకుండా మాట్లాడేవాళ్లు తక్కువ.

3. పొందూరు మన పక్కనే ఉంది, దాన్ని మరవకండి.

శ్రీకాకుళం దాటి కాస్త దూరం వెళితే పొందూరు. దేశమంతా పేరున్న సన్న ఖద్దరు అక్కడిది. అక్కడ పత్తిని శుభ్రం చెయ్యడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. ఆ దవడకున్న సన్నటి పళ్లతో, గింజ మీదుండగానే పత్తిని దువ్వి నలకలు తీస్తారు. ఆ తరవాతే గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, చేతి రాట్నం మీద వడకడం. వడికేది ఎక్కువగా ఆడవాళ్లే. అలా చేత్తో నూరో నంబరు నూలు తీస్తారు. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుందని లెక్క. అక్కడి ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949 నుంచి పనిచేస్తోంది. ఈ నూలు సంగతి విని గాంధీ గారు తన కొడుకు దేవదాసును చూసి రమ్మని పంపారని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కినేని నాగేశ్వరరావు గారు పొందూరు పంచెలంటే ఎంత ఇష్టపడేవారో పాత తరం వాళ్లకు తెలుసు.

వేదికకు ఇది ఎందుకు మంచిదంటే, చెమట పీలుస్తుంది, ఒంటికి అతుక్కోదు, దీపాల వెలుగులో మెరవదు. ఏ సభకైనా నప్పుతుంది. అయితే రెండు జాగ్రత్తలు. ఒకటి, సన్న బట్ట కాబట్టి వెనక నుంచి ఎండ పడితే లోపలిది కనబడుతుంది. పంచె కిందా, చీర కిందా వేసుకునేది నిండుగా, అదే రంగులో ఉండాలి. పాదాల దాకా వచ్చే లంగా ఉండాలి, మోకాలి దగ్గర ఆగిపోయేది పనికిరాదు. రెండు, పొందూరు పేరు చెప్పి మరమగ్గం బట్ట అమ్మేవాళ్లుంటారు. బట్టను వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. చేతి నూలులో అక్కడక్కడా పోగు లావూ సన్నం అవుతుంది, మిల్లు నూలు ఆసాంతం ఒక్క తీరుగా ఉంటుంది. ఖాదీ మార్కు ఉందేమో అడగండి. ధర ఎక్కువే, కాదనను. కానీ ఏడాదిలో మూడు నాలుగు సభల్లో మాట్లాడే మాస్టారికో, టీచరమ్మకో ఒక్క జత చాలా ఏళ్లు వస్తుంది. మీరిచ్చే డబ్బు మన జిల్లా ఆడవాళ్ల చేతికే చేరుతుంది.

4. గంజి పెట్టడం రెండు రోజుల ముందే కానివ్వండి.

ఇప్పుడు అన్నం వార్చే ఇళ్లు తగ్గిపోయాయి, గంజి దొరకదు. సగ్గుబియ్యం రెండు చెంచాలు నానబెట్టి, లీటరు నీళ్లలో వేసి, గింజ పూర్తిగా కరిగి నీళ్లు పారదర్శకంగా అయ్యేదాకా కాచండి. పలచటి గుడ్డలో వడకట్టండి. ఈ వడకట్టడం మానేస్తే ఉండలు బట్ట మీద తెల్లటి చుక్కలుగా మిగులుతాయి, ముదురు రంగుల మీద మరీ కొట్టొచ్చినట్టు కనబడతాయి. చల్లారాక బకెట్ నీళ్లలో కలిపి, ఉతికిన బట్టను తడిగా ఉండగానే అందులో ముంచి, గట్టిగా పిండకుండా దులిపి, లోపలివైపు బయటికి వచ్చేలా నీడలో ఆరెయ్యండి. కాస్త తేమ మిగిలి ఉండగానే ఇస్త్రీ చెయ్యాలి. ఎండిపోతే నీళ్లు చిలకరించి, చుట్టచుట్టి అరగంట ఉంచి అప్పుడు పెట్టె పెట్టండి.

మామూలుగా పెట్టేదానికంటే సభకు పలచగా పెట్టండి. గంజి ఎక్కువైన చీర కుచ్చిళ్లు గొడుగులా విచ్చుకుంటాయి, నడిస్తే గరగరమని చప్పుడు చేస్తాయి, ఆ చప్పుడు కాలరు మైకులో వినబడుతుంది. సభ అయ్యాక గంజి బట్టను అలాగే మడిచి బీరువాలో పెట్టకండి. గంజికి పురుగులు చేరి బట్ట కొరికేస్తాయి. ఉతికి పెట్టండి.

5. కొత్త బట్ట మొదటిసారి వేదిక మీద కట్టకండి.

కట్టి, ఉతికి, మళ్లీ ఒకసారి కట్టిన బట్ట ఒంటి తీరు తెలుసుకుంటుంది. కొత్తదానికి మడతలు నిలవవు, కాలరు మెడను గీస్తుంది, రంగు దిగితే ఆ చెమటకు మెడంతా అంటుకుంటుంది. ఈ నియమం పాటించడం కష్టమయ్యేది పదవీ విరమణ సభల్లో. ఆ రోజు బంధువులో, తోటి ఉద్యోగులో దంపతులకు బట్టలు పెడతారు. పసుపు అంటించిన కొత్త పంచె, చీర అక్కడికక్కడే కట్టుకు రమ్మంటారు. ముప్పై ఏళ్ల కొలువు గురించి మనసు విప్పి మాట్లాడాల్సిన మనిషి కొత్త పంచె జారుతుందేమోనన్న బెంగతో నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటాడు. అది ఆయనకు మళ్లీ రాని సందర్భం. అందుకని పెట్టేవాళ్లకు నా మనవి: బట్టలు రెండు వారాల ముందే కొని, జాకెట్టు, చొక్కా కుట్టించి, ఒకసారి నీళ్లలో తీసి ఇస్త్రీ చేయించి, ఆ రోజు పళ్లెంలో పెట్టి ఇవ్వండి. మర్యాదా దక్కుతుంది, ఆయనకు ఇబ్బందీ ఉండదు.

6. కొట్లో అడిగే పద్ధతి.

మన బజారులో ఏ కొట్టు ఎక్కినా పరుపు మీద కూర్చోబెట్టి అడిగే మొదటి మాట "ఏ ఫంక్షనుకమ్మా? ఎవరి పెళ్లి?" అనే. ఒక సంఘం లీడరు "పెళ్లి కాదు బాబూ, మండలం మీటింగులో మాటాడాలి" అంటే, "అయితే మంచి జరీ చూపించమంటారా అమ్మా" అని కుర్రాడు మెరిసేవన్నీ పరిచాడు. అతని తప్పేం లేదు. అతని దగ్గరికి వచ్చేవాళ్లందరూ పెళ్లికే వస్తారు. మీరే చెప్పండి: జరీ సన్నంగా ఉండాలి, ఒంట్లో మెరుపు ఉండకూడదు, అంచు రంగు ఒంటి రంగుకు ఎదురుగా ఉండాలి, అచ్చు చిన్నది కావాలి. నచ్చినదాన్ని ట్యూబులైటు కింద చూసి తీసేసుకోకుండా కొట్టు గుమ్మంలోకి తెచ్చి పగటి వెలుతురులో చూడండి. భుజం మీద వేసుకుని రెండుసార్లు వంగి లేవండి. జారిందంటే వేదిక మీదా జారుతుంది.

7. రంగుకు పార్టీ అంటగడతారు, చూసుకోండి.

మన రాష్ట్రంలో ఇది నిజం. పసుపు చూస్తే తెలుగుదేశం, కాషాయం చూస్తే బీజేపీ, ఎర్ర కండువా చూస్తే కమ్యూనిస్టులు, నీలం, ఆకుపచ్చ, తెలుపు కలిస్తే వైఎస్సార్ కాంగ్రెస్, తెలుపు మీద ఎరుపు చూస్తే జనసేన గుర్తొస్తాయి. ఆ పార్టీ మనిషైతే ఇబ్బంది లేదు. బడి వార్షికోత్సవంలో మాట్లాడే హెడ్మాస్టరుకో, ఆరోగ్యం గురించి చెప్పే నర్సమ్మకో ఆ అనుమానం ఎందుకు? ముఖ్యంగా ఎన్నికల రోజుల్లో ఈ రంగుల కండువాలు, శాలువాలు మెడలో ఉండగా మాట్లాడకండి. మన మాట అందరి కోసం అయినప్పుడు సగం మంది వినకముందే చెవులు మూసుకునే పరిస్థితి తెచ్చుకోకూడదు.

8. మైకు చెవికి ఏం వినబడుతుందో ఆలోచించండి.

గాజులు బల్లకు తగిలితే మనకు చిన్న చప్పుడు, సభకు పెద్ద చప్పుడు. మైకు పట్టుకునే చేతికి మట్టి గాజులు, గొలుసు గడియారం వద్దు. అవసరమైతే గాజులన్నీ రెండో చేతికి మార్చుకోండి. కాలరు మైకు అయితే నల్లపూసలు, సూత్రాల గొలుసు, పొడుగు హారం దానికి తగులుతూ టకటకమంటాయి. గొలుసును జాకెట్టు లోపలికి వేసుకోండి. పట్టు పైట, ఆర్గంజా పైట మైకుకు రాసుకుంటే హోరు వస్తుంది. అలాంటి రోజు మైకును పైటకు కాకుండా పైట లేని వైపు జాకెట్టు అంచుకు పెట్టించండి. దాని పెట్టెను నడుముకు తగిలించాలి కాబట్టి నడుము దగ్గర గట్టి పట్టీ ఉండేదే వేసుకోండి. ఒంటిపొర పొడుగు గౌను వేసుకుంటే ఆ పెట్టె పెట్టుకునే చోటే ఉండదు.

9. చీర, పైట, పిన్నులు.

పైటను మడతలు పెట్టి భుజం మీద జాకెట్టు లోపలి నుంచి పిన్ను పెట్టించుకోవడం అందరికీ తెలుసు. సన్న ఖద్దరుకూ, పాత పట్టుకూ అది చిరుగు తెస్తుంది. పిన్ను గుచ్చే చోట లోపల చిన్న గుడ్డముక్కను గాని, చొక్కా బొత్తాన్ని గాని దన్నుగా ఉంచి గుచ్చితే బరువు బట్ట మీద పడదు. కుచ్చిళ్లకు ఒకటి, పైట నడుము దగ్గర ఒకటి చాలు. ఎక్కువ పిన్నులు పెడితే చెయ్యి తిప్పినప్పుడల్లా ఎక్కడో లాగుతుంది. కుచ్చిళ్లు నేలకు వేలెడు పైన ఆగాలి. వేదిక మెట్లు ఎక్కేటప్పుడు కాలికి అడ్డం పడేది ఆ వేలెడే.

లంగా నాడా గట్టిగా, పక్కకు ముడి వచ్చేలా కట్టండి. భోజనం తరవాత సభ అయితే మరీ గట్టిగా వద్దు, గాలి పీల్చుకోవడానికి చోటు లేకపోతే గొంతు పైనుంచే వస్తుంది, నాలుగు వాక్యాలకే ఆయాసం.

10. పంచె అలవాటు లేనివాళ్లు ధైర్యానికి బెల్టు కట్టుకోండి.

పంచె కింద నిక్కరు, పైన లాల్చీ మాటున సన్న బెల్టు. అంచు చీలమండల దగ్గర ఆగాలి. బల్ల లేని వేదిక మీద కూర్చుంటే పంచె ముందు భాగం రెండు మోకాళ్ల మధ్యకు తెచ్చుకుని కూర్చోండి. అతికించుకునే పట్టీ ఉన్న తయారు పంచెలు ఇప్పుడు అంతటా దొరుకుతున్నాయి. అమెరికాలో తానా సభలకు వెళ్లే మన పిల్లలు చాలామంది అవే వేసుకుంటున్నారు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

11. జ్యోతి ప్రజ్వలన దగ్గర జాగ్రత్త.

మన సభ దీపం వెలిగించకుండా మొదలు కాదు. వెలిగించే ముందు చెప్పులు విప్పాలి. తాళ్ల బూట్లు వేసుకున్నవాళ్లు అందరూ నిలబడి ఉండగా వంగి ముడులు విప్పుకోవాల్సి వస్తుంది. సులువుగా కాలు తీయగలిగే చెప్పులే వేసుకోండి. మేజోళ్లు వేస్తే చిరుగు లేనివి వెయ్యండి.

ఇంతకంటే ముఖ్యమైనది మంట. కుందె చుట్టూ అయిదారుగురు మూగుతారు, కొవ్వొత్తి చేతులు మారుతుంది, ఎవరి పైట ఎవరి వైపు ఉందో తెలియదు. జార్జెట్టు, షిఫాను, పాలియెస్టరు నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. అందుకే వాటి కాలిన గాయం లోతుగా ఉంటుంది. పైట చెంగును నడుములో దోపుకుని, కండువాను ఎడమ చేత్తో వెనక్కి పట్టుకుని, అప్పుడు వంగండి. తోటివాళ్ల చెంగు మంట వైపు వెళితే మొహమాటపడకుండా చెప్పండి.

12. శాలువా, దండ, బ్యాడ్జీ.

శాలువా కప్పినప్పుడు నమస్కారం పెట్టి, ఫొటో అయ్యాక తీసి కుర్చీ వీపు మీద వేసి మైకు దగ్గరికి రండి. తీసెయ్యడం అగౌరవం అనుకుంటారేమోనని ఉక్కలో దాన్ని మోస్తూ మాట్లాడే పెద్దలున్నారు. కప్పినవాళ్లు ఎవరూ అలా అనుకోరు. బంతిపూల దండ తడిగా ఉంటే తెల్ల చొక్కా మీద పసుపు మరక దింపుతుంది. చేత్తో అందుకుని మెడలో క్షణం ఉంచి తీసెయ్యండి. రిబ్బను బ్యాడ్జీని జేబు అంచుకో, పైట మడతల దళసరి చోటో గుచ్చమనండి.

13. పిల్లల సంగతి.

పిల్లలకు ఉతికి ఇస్త్రీ చేసిన బడి యూనిఫాం చాలు. వక్తృత్వ పోటీకి అద్దె కోటు, మెడకు టై, పాదానికి సరిపడని బూట్లు వద్దు. ఏకపాత్రాభినయానికి అల్లూరి సీతారామరాజు వేషం వెయ్యడం వేరు, ఆ పాత్రకు ఆ బట్ట కావాలి. ఉపన్యాసానికి అక్కర్లేదు. ఖరీదైన బట్టల్లో వచ్చిన పిల్లల పక్కన మా బిడ్డ తీసికట్టుగా కనబడుతుందేమోనని అమ్మలు బాధపడతారు. ఆ బాధ నాకు తెలుసు. పోటీ పెట్టే మాస్టార్లు ఒక్క మాట ముందే ప్రకటిస్తే అది తీరిపోతుంది: "అందరూ యూనిఫాంలోనే రావాలి." దయచేసి అలా చెప్పండి.

ఇక ఇంట్లో చెయ్యాల్సినవి. నిక్కరు నడుము వదులైతే లోపల ఎలాస్టిక్ వేసి బిగించండి. వదులు నిక్కరు ఉన్న పిల్లాడి చెయ్యి నడుము మీదే ఉంటుంది. జేబులు ఖాళీ చెయ్యండి, లేకపోతే గోళీలో, పెన్సిలు ముక్కో తడుముతూనే ఉంటాడు. ఆడపిల్లకు రెండు జడలు గట్టిగా వేసి రిబ్బన్లు ముడెయ్యండి, ముఖం మీద వెంట్రుక పడకూడదు. తలనిండా కనకాంబరాలు, మల్లెలు పెడితే దండ బరువుకు మెడ కదలదు, ఆ రోజుకు చిన్న ముక్క చాలు. లంగా ఓణీ వేస్తానని మారాం చేస్తే వెయ్యండి, కానీ ముందు రెండు రోజులు దానిలోనే నిలబెట్టి ఉపన్యాసం చెప్పించండి. ఏ బట్టైనా సరే, సాధన ఆ బట్టలోనే జరగాలి. అద్దం ముందు చేసే సాధనకంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది.

14. సందర్భాన్ని బట్టి, చెప్పే మాటను బట్టి.

సంతాప సభకు తెలుపో, లేత రంగో, జరీ లేనిది, సెంటు లేకుండా. పుస్తకావిష్కరణకు నేత బట్ట. గ్రామసభలో అధికారి అయినా, వార్డు సభ్యుడైనా రోజూ కట్టే శుభ్రమైన బట్ట. ఇవి అందరికీ తెలిసినవే.

వీటికంటే లోతైన సంగతి ఒకటుంది. మన మాటకూ బట్టకూ పొంతన కుదరాలి. 1916 ఫిబ్రవరిలో కాశీ హిందూ విశ్వవిద్యాలయ ప్రారంభోత్సవ సభల్లో గాంధీ గారు మాట్లాడినప్పుడు వేదిక మీద మహారాజులు నగలతో మెరిసిపోతున్నారు. ఆయన ముతక పంచె, కోటు, తలపాగాతో నిలబడి ఆ నగల గురించే, దేశంలోని పేదల గురించే మాట్లాడారు. సభలో కలకలం రేగింది, అనీ బిసెంటు అడ్డుపడ్డారు, రాజులు కొందరు లేచి వెళ్లిపోయారు. ఆ మాటలనే పట్టు కోటులో నిలబడి చెప్పి ఉంటే ఎవరికీ తగిలేవి కావు. అయిదేళ్ల తరవాత, 1921 సెప్టెంబరు 22న మదురైలో చొక్కా, టోపీ కూడా వదిలి కొల్లాయికి మారారు. 1931లో లండన్‌లో చక్రవర్తి విందుకు వెళ్లినా అదే కట్టు.

మన రాష్ట్రంలోనే చూడండి. కిరీటాలూ, పట్టు పీతాంబరాలతో కృష్ణుడిగా జనం గుండెల్లో నిలిచిన ఎన్.టి. రామారావు గారు 1982లో పార్టీ పెట్టి చైతన్యరథం ఎక్కినప్పుడు వేసుకున్నది ఖాకీ దుస్తులు. తాను శ్రమించడానికి వచ్చానని నోరు విప్పకముందే జనానికి తెలిసింది. మనకు అంత పెద్ద సభలు అక్కర్లేదు. పొదుపు గురించి సంఘంలో చెప్పే రోజు మెడనిండా నగలు వద్దు. చేనేత దినోత్సవం ఆగస్టు 7న నేతగాళ్ల గురించి మాట్లాడుతూ పాలియెస్టరు చొక్కా వేసుకోకండి. ఇంతే.

15. ఫోన్లో వీడియో తీస్తారని గుర్తుంచుకోండి.

సన్నటి చారలు, చిన్న గళ్లు తెర మీద అలలు అలలుగా కదులుతూ కనబడతాయి. తెల్ల ఫ్లెక్సీ ముందు తెల్ల చొక్కా కలిసిపోతుంది. టీవీ స్టూడియోకి పిలిస్తే ఆకుపచ్చ వెయ్యకండి, వెనకున్న ఆకుపచ్చ తెరతో పాటు మన చొక్కా కూడా మాయమవుతుంది.

16. కాగితానికీ, కళ్లజోడుకూ చోటు చూసుకోండి.

లాల్చీకి పక్క జేబు ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి. చీరకు జేబు ఉండదు కాబట్టి పాయింట్లు అరచేతిలో పట్టే అట్టముక్క మీద రాసుకోండి. పలచటి కాగితం ఫ్యాను గాలికి ఎగురుతుంది, చేతి వణుకునూ చూపిస్తుంది. ఫోను పక్కవాళ్లకు ఇచ్చి వెళ్లండి. జేబులో ఉంటే మైకు దగ్గర గరగర వస్తుంది.

17. చేతిసంచిలో.

నాలుగు పిన్నులు, సూదీ దారం, రెండు బొత్తాలు, నూలు చేతిరుమాలు, బొట్టు బిళ్లలు, దువ్వెన, నీళ్ల సీసా. మగవాళ్లకు ఇంకో బనియను. సభ ముందు మార్చుకుంటే ఒంటికి ప్రాణం లేచివస్తుంది.

18. మొదటిసారి మాట్లాడే ఆడవాళ్ల గురించి ఇంట్లో వాళ్లకు.

మన మండలాల్లో మహిళా సంఘాల వల్ల వేలమంది ఆడవాళ్లు మొదటిసారి మైకు పట్టుకున్నారు. బ్యాంకు మేనేజరు ముందూ, కలెక్టరు ముందూ నిలబడి తమ ఊరి లెక్క తాము చెప్పారు. వాళ్లలో చాలామందికి ముందు రోజు రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఉపన్యాసం కాదు, "ఈ చీర కడితే ఏమంటారో" అన్న ఆలోచన. పాత చీర కడితే లేనివాళ్లంటారు, మంచిది కడితే అప్పు తీసుకుని సోకులంటారు. ఈ మాటలు అనేది పరాయివాళ్లు కారు, ఎక్కువసార్లు ఇంటి పక్కవాళ్లే, ఇంట్లోవాళ్లే.

కాబట్టి అన్నయ్యలకు, మావయ్యలకు, అత్తలకు, ఆడపడుచులకు ఒక్క విన్నపం. మీ ఇంటి మనిషి మాట్లాడే రోజు ఆవిడ ఏ చీర కట్టుకుంటానంటే ఆ చీర ముందు రోజే ఇస్త్రీ చేయించి పెట్టండి. పొద్దున్న వంటపని ఆ ఒక్కరోజు మీరు అందుకోండి, తడి చేతులతో కుచ్చిళ్లు పెట్టుకోవాల్సిన అవసరం ఆవిడకు రానివ్వకండి. సభకు వెళ్లి ముందు వరసలో కూర్చోండి. ఇంటికి వచ్చాక చీర ఎలా ఉందో మాట్లాడకండి, ఆవిడ సభలో ఏం చెప్పిందో అడగండి.